మూడో రకం, ఒకే పాత్ర

మా గుడిలో ప్రభు భోజనానికి ద్రాక్షరసం పాత్ర ఒక్కటే. వెండిది. పట్నం గుళ్ళలో వాడే చిన్న చిన్న గాజు కప్పులు తణుకు దాటి మా కాలవగట్టు మీదికి ఇంకా రాలేదు, రావాలని మేమెవరం అడగలేదు కూడా. నెలలో మొదటి ఆదివారం అందరం బలిపీఠం ముందు వరసగా మోకరిస్తాం. పాస్టరు అయ్యగారు పాత్రని ఒకరి పెదవుల దగ్గర్నుంచి ఇంకొకరి పెదవుల దగ్గరికి తెస్తారు. మధ్యలో తెల్లటి గుడ్డతో అంచు తుడిచి, కొద్దిగా తిప్పుతారు. నాలుగెకరాల ఆసామీ, ఆయన చేలో ఊడ్పులు ఊడ్చిన ఆవిడా పక్కపక్కనే ఉంటారు. లోకంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఏదని ఎవరైనా అడిగితే, ఆ వరసే అని చెబుతాను.

ఆ వరసలోకి రావాలంటే ముందు శనివారం సాయంత్రం గుడి వరండాలో అయ్యగారి దగ్గర పేరివ్వాలి. పాత కాలపు అలవాటు. ఆయన ఒక రూళ్ళ పుస్తకంలో రాసుకుంటారు. పేరు ఇవ్వలేదంటే మా ఊళ్ళో ఒకటే అర్థం, ఆ మనిషికి ఎవరితోనో పడలేదని. మనసులో కోపం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదని మాకు చిన్నప్పట్నుంచీ నేర్పారు. వరసగా రెండు నెలలు ఎవరైనా పేరివ్వకపోతే, ఆ కోపం ఎవరి మీదో సంఘం తనంతట తనే తేల్చేస్తుంది. అప్పుడు ఆ రెండో మనిషి ఒక కూర వండుకుని మొదటి మనిషింటికి వెళ్ళి, కూర్చుని కలిసి తిని, సమాధానపడి రావాలి. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నవాటికంటే గట్టిగా జరుగుతుంది.

నేను మండల పరిషత్ స్కూల్లో సోషల్ చెబుతాను. ఆదివారాలు గుడిలో కన్ఫర్మేషన్ క్లాసు తీసుకుంటాను, ఇరవయ్యేళ్ళుగా. ఏడాదంతా వాక్యం, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం నేర్చుకున్న పిల్లలు, క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం నాడు మొదటిసారి ప్రభు భోజనం పుచ్చుకుంటారు. ఆ రోజు వాళ్ళకి నేర్పిన టీచరు మొదట మోకరించాలి, ఆవిడ పక్కన పిల్లలు. పాత్ర టీచరు దగ్గర మొదలై పిల్లల మీదుగా వెళ్తుంది. కిందటేడు నా క్లాసులో పదకొండు మంది. వాళ్ళలో ఒకతె మా తోడికోడలి కూతురు. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది, క్లాసులో మాత్రం మేడం అంటుంది, రెండూ కలిపి పెద్దమేడం అని కూడా అప్పుడప్పుడూ.

కిందటేడు ఈస్టరుకి ముందు శ్రమల దినాల్లో మా సంఘం వాళ్ళం రక్తదాన శిబిరం పెట్టాం. నా వయసు ఆడవాళ్ళని చాలామందిని రక్తం చాలదని వెనక్కి పంపేశారు, నన్ను మాత్రం నర్సమ్మ బాగుందమ్మా అని మెచ్చుకుని పడుకోబెట్టింది. నేను కాస్త గర్వపడ్డాననే చెప్పాలి. పదిరోజుల తర్వాత రాజమండ్రి బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. ఒకమ్మాయి చాలా మెల్లగా, ఒకసారి రాగలరా మేడం, మీతో మాట్లాడాలి అంది. వెళ్తే హెపటైటిస్ సి అని చెప్పారు. ఇంకో పరీక్ష చేశారు. వైరస్ ఒంట్లో ఉంది, కదులుతోంది. ఇన్నేళ్ళుగా నాకు ఒక్క నలత లేదు.

మావారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఏ కాగితమైనా రెండుసార్లు చదవనిదే నమ్మరు. ఆ రిపోర్టుని నాలుగుసార్లు చదివి, మడిచి, పద డాక్టరు దగ్గరికి అన్నారు.

లివర్ డాక్టరు గారు నుదుట నిలువుబొట్టు పెట్టుకున్న పెద్దాయన, మాటకారి. ముందు నా కడుపు మీద మిషను పెట్టి చూసి, లివర్ ఇంకా మెత్తగానే ఉందని, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ పోతుందని చెప్పారు. ఇది ఎప్పుడొచ్చిందని అడిగాను. నా మొదటి కాన్పులో రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటి ఎవరిదో తెలియదు, రెండోది అప్పటికింకా పెళ్ళికాని మా మరిదిది. ఆ రోజుల్లో రక్తాన్ని ఈ వైరస్ కోసం అన్నిచోట్లా పరీక్షించేవారు కారట. లేదా చిన్నప్పటి సూదులు కావచ్చన్నారు. నాకు వెంటనే మా ఊరికి సైకిలు మీద వచ్చే సూది డాక్టరు గుర్తొచ్చాడు. స్టీలు డబ్బాలో గాజు సిరంజి, కిరసనాయిలు స్టవ్వు మీద సలసల కాగే నీళ్ళు, వీధి మొత్తానికి మూడు సూదులు. జ్వరమొస్తే మాత్రలిచ్చి పంపేవాడిని మా అమ్మ డాక్టరు కిందే లెక్కపెట్టేది కాదు. ఆ సూదిమందు పడితేగానీ తగ్గదండీ అని దబాయించి మరీ పొడిపించేది.

“ఎవరివల్ల వచ్చిందని వెతక్కండి,” అన్నారు డాక్టరు గారు. “వెతికితే అంతూ పొంతూ ఉండదు. ఇది ప్రపంచమంతా తిరిగొచ్చిన చుట్టం.”

తర్వాత ఫోన్లో ఒక పటం చూపించారు. నేను సోషల్ టీచర్నని ఆయనకి తెలుసు. ఒక్కో దేశానికి ఒక్కో రంగు. ఈ వైరస్‌లో ఇప్పటికి ఎనిమిది రకాలు గుర్తించారట, నంబర్లతోనే పిలుస్తారు. ఒకటో రకం అమెరికా, యూరప్, జపాన్ అంతటా ఎక్కువ, లోకం మొత్తం మీద పెద్ద వాటా దానిదే. రెండోది పశ్చిమాఫ్రికాలో పుట్టిందట. మనుషుల్ని బానిసలుగా ఓడల్లో కుక్కి సముద్రం దాటించినప్పుడు, వాళ్ళ ఒంట్లో అది కూడా అవతలి తీరానికి వెళ్ళిందంటారు. మూడోది మన దేశం, పాకిస్తాను వైపు ఎక్కువ. నాలుగోది ఈజిప్టు, మధ్య ఆఫ్రికా. ఐదోది దక్షిణాఫ్రికా. ఆరోది బర్మా, థాయిలాండు, వియత్నాం. ఏడు, ఎనిమిది చాలా అరుదు. ఏడోది కాంగో మనుషుల్లో, ఎనిమిదోది పంజాబు నుంచి కెనడా వెళ్ళిన కొద్దిమందిలో కనిపించాయి.

ఈజిప్టు దగ్గర ఆయన వేలు ఆగింది. అది కూడా మనలాంటి డెల్టాయేనండి అన్నారు. కాలవల్లో దిగి పనిచేసే రైతులకి నత్తల ద్వారా ఒక పురుగు జబ్బు వచ్చేదట. దాన్ని మాన్పడానికి ప్రభుత్వం ఊరూరా తిరిగి సూదిమందులు వేయించింది. మంచి పనే. కానీ సూదులు సరిగ్గా శుభ్రం కాక, పురుగు జబ్బు తగ్గిన చోటే ఈ వైరస్ ఇల్లిల్లూ చేరింది. లోకంలో ఇంకెక్కడా లేనంతగా. మరి ఇప్పుడో అంటే, దేశం దేశమంతా పరీక్షలు చేసి, దొరికిన ప్రతివారికీ మాత్రలిచ్చి, దాదాపు తుడిచిపెట్టేశారట.

మా ఇళ్ళల్లో ఆ దేశం పేరు, బైబిల్లో ఉన్నట్టే, ఐగుప్తు. పుట్టిన దగ్గర్నుంచి దాని తెగుళ్ళ గురించి వింటూ పెరిగాం. ఆ ఐగుప్తు మీదనుంచి ఒక తెగులు ఇలా ఇంటింటికీ మాత్రలతో తొలగిపోతోందని విని, ఆస్పత్రి కుర్చీలో కూర్చునే స్తోత్రం చెప్పుకున్నాను. డాక్టరు గారు అది విని, మొదట మీది ఎన్నో రకమో చూద్దాం అన్నారు. ఇప్పటి మాత్రలు అన్ని రకాలకీ పనిచేస్తాయి గానీ తెలుసుకుంటే మంచిదన్నారు. నాలుగో రకమేమో, నా రక్తంలో ఐగుప్తు ఉందేమోనని నేను వారం రోజులు ఊహించుకున్నాను. మూడో రకం అని వచ్చింది. కాస్త నిరాశపడ్డానంటే మావారు నన్ను వింతగా చూశారు.

ఆ మొదటి రోజే ఇంకో ప్రశ్న కూడా అడిగాను. ఒకే పాత్రలో తాగితే అంటుకుంటుందా అని. అంటుకోదు, ఇది రక్తంతోనే వెళ్తుంది, ఎంగిలితో కాదు, కంచంతో కాదు, గ్లాసుతో కాదు అని ఆయన స్పష్టంగా చెప్పారు. నేనే వినలేదు. చెవులు విన్నాయి, గుండె వినలేదు. పళ్ళు తోముకునేటప్పుడు నాకు అప్పుడప్పుడు చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. నా తర్వాత పదకొండు మంది పిల్లలు. ఆ మొహాలు కళ్ళముందుకు రాగానే డాక్టరు గారి మాటలు పక్కకి పోయేవి.

అందుకని ఎవరికీ చెప్పకుండా నా పేరు ఇవ్వడం మానేశాను. ఈస్టరుకి ఇవ్వలేదు. మే నెలకి ఇవ్వలేదు. ఇంట్లో నా గ్లాసు, నా కంచం వేరు పెట్టుకున్నాను. మూడు నెలలు మాత్రలు, ఆ తర్వాత మూడు నెలలకి చివరి పరీక్ష. అది నవంబరులో పడుతుంది. రిపోర్టులో వైరస్ లేదని వస్తే పిల్లలతో మోకరిస్తాను, లేకపోతే క్లాసు ఇంకెవరికైనా అప్పగించేస్తానని మనసులో నిర్ణయించుకున్నాను. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఆ వరసలో నా చోటు నాకు ఉంటుందో ఉండదో తెలియలేదు.

ఆ వేసవిలో నాకు మిగిలిన సంతోషం పిల్లలే. ఆదివారపు బడి గదిలో, సువార్త చాటుతూ తిరిగిన అపొస్తలుని ప్రయాణాల పటం ఒకటి వేలాడుతుంటుంది. దాని పక్కన స్కూలు నుంచి తెచ్చిన ప్రపంచ పటం తగిలించి, రక్తంలో ప్రయాణం చేసే ఒక వైరస్ కథ చెప్పాను. నా గురించి చెప్పలేదు. పిల్లలకి ఎందుకో ఆ నంబర్లు తెగ నచ్చాయి. వంశావళుల అధ్యాయం ఒక్క ముక్క అప్పజెప్పలేని పిల్లలు దీన్ని పాటలా పాడారు. ఐదు అంటే దక్షిణాఫ్రికా, ఆరు అంటే వియత్నాం, నాలుగు అంటే ఐగుప్తు. ఇళ్ళకెళ్ళి అన్నం తింటూ కూడా అదే పాటట.

ఈలోగా సంఘం తన లెక్క తాను కట్టుకుంటోంది. రెండు నెలలుగా టీచరు గారు పేరివ్వలేదు. ఎవరిమీద కోపం? ఒకరోజు నేను మా తోడికోడలింటికి ఏదో పనిమీద వెళ్ళాను. ఆవిడ టీ ఇచ్చింది, నేను తాగలేదు. మంచినీళ్ళిచ్చింది, అవీ వద్దన్నాను. ఆ ఇంటి గ్లాసు ఎంగిలి చేయకూడదని నా ఉద్దేశం. అయినవాళ్ళింటి మంచినీళ్ళు కాదన్న మనిషిని డెల్టాలో ఎవరూ మరిచిపోరు. సాయంత్రానికల్లా గుడి స్త్రీల సమాజం మొత్తానికి తెలిసిపోయింది, గొడవ తోడికోడళ్ళ మధ్యేనని.

జూన్లో ఒక మధ్యాహ్నం ఆవిడ స్టీలు క్యారేజీతో మా గుమ్మంలో నిలబడింది. చింతచిగురు రొయ్యలు. వాసన ముందొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది. నన్ను పలకరించకుండా వంటింట్లోకెళ్ళి రెండు కంచాలు తెచ్చి, అన్నం పెట్టి, నా ఎదురుగా కూర్చుని తన తప్పులు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపే నాలుగైపోయాయి. ఈస్టరు పాటల క్వయరుకి నాకిష్టమైన లేతనీలం చీరలు కాకుండా ముదురాకుపచ్చ చీరలు కొనిపించింది తానేనట. క్రిస్మస్ విందులో నా కోడికూరలో ఉప్పు తక్కువైందని అయ్యగారి భార్య అమ్మగారితో అన్నదట. నా దగ్గర నేర్చుకున్న మాగాయ పచ్చడి తన పుట్టింటిదని చెప్పుకుందట. నేను పిల్లల్ని వాక్యాలు బట్టీపట్టించి చంపుతున్నానని అందట, కానీ అది మాత్రం నిజమే కదక్కా అని మధ్యలో ఆగింది.

నాకివేవీ తెలియవు. ఒక్కటి కూడా. నవ్వు ఆపుకోలేకపోయాను. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. ఆవిడకి కోపమొచ్చింది.

“మనసు చంపుకుని చెబుతుంటే నవ్వుతారేంటక్కా?”

“నాకు నీ మీద కోపం లేదమ్మాయ్. నాకు వైరస్ ఉంది.”

అంతా చెప్పాను. ఆవిడ కలపబోయిన ముద్ద అలాగే వదిలేసి విన్నది. అయిపోయాక అడిగిన మొదటి ప్రశ్న, అయితే ఉప్పు సంగతి మీకు తెలియదా అని. తెలియదన్నాను. అనవసరంగా చెప్పానే అంది. తర్వాత నా కంచంలోంచి ఒక రొయ్య తీసుకుని నోట్లో వేసుకుంది. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే.

తర్వాతి నెల డాక్టరు గారి దగ్గరికి తానే తోడొచ్చింది. నాకు బదులు ప్రశ్నలన్నీ ఆవిడే అడిగింది. ముద్దు పెట్టుకుంటే, దోమ కుడితే, ఒకే బావి నీళ్ళు తాగితే, ఒకే గిన్నెలో తాగితే. అన్నిటికీ కాదు కాదు అంటూ ఆయన ఓపిగ్గా చెప్పి, బ్లేడు, గోళ్ళు కత్తిరించుకునేది, పళ్ళ బ్రష్షు మాత్రం ఎవరివి వారే వాడుకోవాలని, చెవులు కుట్టించేటప్పుడు సూది కొత్తదో కాదో చూసుకోవాలని అన్నారు. ఆ వారమే మా మరిదిని కూడా పరీక్షకి ఈడ్చుకెళ్ళింది. ఏమీ లేదని వచ్చింది. అప్పట్నుంచి ఆయన తన రక్తం స్వచ్ఛమైనదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాడు. మావారికి, మా అబ్బాయికి కూడా లేదని వచ్చింది. ఆ మొదటి సీసా ఇచ్చిన మనిషెవరో నాకెప్పటికీ తెలియదు. ఆ రోజు ఆ రక్తమే లేకపోతే నేను లేను. ఉదయం ప్రార్థనలో ఆ మనిషిని ఇప్పటికీ తలుచుకుంటాను. ఎక్కడున్నా ఒకసారి పరీక్ష చేయించుకుంటే బాగుండునని కూడా.

మాత్రలు ఆగస్టు మొదట్లో అయిపోయాయి. చివరి పరీక్షకి నవంబరులో రక్తం ఇచ్చాను. ఆగమన కాలపు మొదటి ఆదివారానికి ముందు గురువారం రిపోర్టు రావాలి. రాలేదు. శుక్రవారం మావారు ఫోన్ చేస్తే, హైదరాబాదులో మిషను ఆగిందని, బుధవారం దాకా రాదని చెప్పారు. శనివారం పొద్దున తోడికోడలికి ఆ సంగతి చెప్పి, క్లాసు పిల్లల్ని ఈసారి అమ్మగారితో మోకరించమంటానన్నాను.

“దేవుడు వేసిన బల్లకి లేబ్ సర్టిఫికెట్టు ఏంటక్కా? డాక్టరు గారు ఏప్రిల్లోనే చెప్పారుగా, అంటుకోదని. మీరు ఆయన మాటా నమ్మరు, దేవుడి మాటా నమ్మరు. ఇంకెవరి మాట నమ్ముతారు?”

పదకొండు మంది పిల్లలకి ఏడాది పొడుగునా విశ్వాసం గురించి చెప్పినదాన్ని, నేను ఒక కాగితం కోసం చూస్తూ కూర్చున్నాను. దాచిపెట్టి మాత్రం ఆ వరసలోకి వెళ్ళకూడదనిపించింది. వెళ్తే అందరికీ తెలిసే వెళ్ళాలి.

సాయంత్రం వరండా నిండా జనం. పిల్లల తల్లిదండ్రులంతా వచ్చారు. నా వంతు వచ్చినప్పుడు అయ్యగారు కలం పట్టుకుని తలెత్తారు. పేరు రాసే ముందు ఒక మాట చెప్పనివ్వండి అని, వెనక్కి తిరిగి, ఆ నెలలన్నీ ఎందుకు రాలేదో చెప్పాను. జబ్బు పేరు చెప్పాను. మాత్రలు వాడానని, రిపోర్టు ఇంకా రాలేదని, వచ్చినా రాకపోయినా పాత్రతో ఇది అంటదని డాక్టరు చెప్పారని చెప్పాను. ఎవరికైనా తమ పిల్లలు నా తర్వాత తాగడం ఇష్టం లేకపోతే ఇప్పుడే అనండి, నేను ఏమీ అనుకోను అన్నాను.

సంఘపెద్ద ఒకాయన గొంతు సవరించుకుని, పోనీ టీచరు గారికి ఒక చిన్న గ్లాసు వేరే పెడదామా అని మెల్లగా అన్నాడు. మంచి ఉద్దేశంతోనే అన్నాడు. అయ్యగారు ఆలోచిస్తున్నారు. అంతలో వెనకనుంచి ఒక తండ్రి, రైసుమిల్లులో పనిచేసే ఆయన, అడిగాడు.

“ఎన్నో రకమండి, మేడం గారు?”

నాకు అర్థం కాలేదు.

“అదేనండి, మా పిల్ల ఇంట్లో రోజూ పాడుతోంది. నాలుగు ఐగుప్తు, ఆరు వియత్నాం అని. మీది ఎన్నోది?”

“మూడండి.”

“మూడంటే మన లోకల్‌దే కదండీ,” అన్నాడాయన, ఊపిరి వదులుతూ.

ఒకళ్ళు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. మా తోడికోడలు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చి, మొదట మా అమ్మాయిని కూర్చోబెట్టండి అయ్యగారూ, అక్క పక్కనే, అంది. గ్లాసు మాటన్న పెద్దాయన కూడా, మా మనవణ్ణి రెండోవాణ్ణి చేయండి అన్నాడు. అయ్యగారు నా పేరు రాశారు. చీకటి పడేదాకా నన్ను చుట్టుకుని, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎంతసేపు పడుతుంది, చిన్నప్పుడు మాకూ ఆ సైకిలు డాక్టరే పొడిచాడు కదండీ అని అడుగుతూనే ఉన్నారు.

రిపోర్టు చెప్పినట్టే బుధవారం వచ్చింది. వైరస్ కనిపించలేదని. ఒకసారి వచ్చిన ఆనవాలు రక్తంలో ఉండిపోతుందట, కాబట్టి ఇక ఎప్పటికీ రక్తదానం చేయలేను. మావారు దాన్ని కూడా నాలుగుసార్లు చదివారు. క్రిస్మస్ తర్వాత ఆదివారపు బడి గదిలో సంఘమంతా వరసలో నిలబడి పరీక్ష చేయించుకుంది. ఇద్దరికి ఉందని తేలింది, ఇద్దరూ మాత్రలు వేసుకుంటున్నారు. కానీ నాకు పదేపదే గుర్తొచ్చేది రిపోర్టుకి ముందటి ఆ ఆదివారమే.

పదకొండు మంది తెల్లబట్టల్లో నా కుడిపక్కన మోకరించారు. క్వయరు మెల్లగా పాడుతోంది. అయ్యగారు పాత్రని నా పెదవుల దగ్గరికి వంచారు. ఎనిమిది నెలల తర్వాత ఆ చల్లటి వెండి అంచు తగిలింది. తాగాను. ఆయన గుడ్డతో తుడిచి, పాత్రని కొద్దిగా తిప్పి, మా తోడికోడలి కూతురి దగ్గరికి తెచ్చారు. ఆ పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని, గడ్డం పైకెత్తి తాగింది. తాగి, మొహం చింతకాయ కొరికినట్టు పెట్టుకుని, ఇంత వగరుగా ఉంటుందని ఏడాదంతా ఒక్కసారైనా చెప్పలేదేం పెద్దమేడం అన్నట్టు నావైపు చూసింది. బలిపీఠం ముందు, తలవంచుకుని, నేను నవ్వాను.